సాల్మన్‌తో పులుసు పెట్టి చెడగొట్టుకున్నా. ఇంకా మూడు ప్యాకెట్లుండాయి, అరగంటలో కూరగాయలతో కలిపి ఎట్ట వండాల?

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి పోయేవాణ్ణే గానీ రాసేది ఇదే మొదలు. నవ్వుకోకుండా చెప్పండి.

మాది వేదాయపాళెం. కృష్ణపట్నం పోర్టు పక్కన ఒక గోడౌన్లో లెక్కలు చూస్తా. కంపెనీ బస్సు దిగి ఇంట్లో కాలు పెట్టేసరికి ఏడు ముప్పావు. మా ఆవిడ టీచరు. జూన్‌లో ఉదయగిరి పక్కకి ట్రాన్స్‌ఫరైంది. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారకముందే బస్సెక్కుతుంది. అంటే వారంలో ఐదు రాత్రులు పొయ్యి నాది. తినేది ముగ్గురం: నేను, ఎనిమిదేళ్ళ పాప, మా నాయన. నాయనకి షుగరు, బీపీ రెండూ ఉండాయి. తొమ్మిదికల్లా తినేసి మాత్రేసుకోవాల. పాపకి ముల్లంటే చచ్చేంత భయం. పోయినేడు బొచ్చె ముల్లు గొంతులో ఇరుక్కుంటే రాత్రి పదకొండుకి ఆసుపత్రికి పరిగెత్తినాం, అప్పట్నించి చేప ముట్టదు.

సంగతేందంటే, మెడ్రాసులో ఉండే మా బావమరిది పోయిన ఆదివారం థర్మోకోల్ పెట్టెలో ఐసేసుకుని నాలుగు ప్యాకెట్ల సాల్మన్ తెచ్చినాడు. నార్వే చేపంట. ప్యాకెట్‌కి మూడు ముక్కలు, ఒక పక్క తోలుంది. "ముల్లుండదు బావా, పాప తింటుంది" అన్నాడు. ఎంతయిందిరా అంటే చెప్పలా. ప్యాకెట్ తిప్పి రేటు చూసి నేనే నోరు మూసుకున్నా.

మంగళవారం మొదటి ప్యాకెట్ తీసినా. చేపతో నాకొచ్చింది ఒకటే, మా అమ్మ పెట్టే పులుసు. ఎర్రగడ్డలు, పచ్చిమిరక్కాయలు, టమేటా మగ్గనిచ్చి, చింతపండు పులుసు పోసి, మెంతులు ఆవాలు వేయించి కొట్టిన పొడేసి, నాలుగు మామిడికాయ ముక్కలేసినా. కొరమీనైతే ఎట్ట వదులుతామో అట్టే తెర్లే పులుసులో ముక్కలు వదిలి మూతేసి, పాప హోంవర్కు చూసేదానికి పోయినా. ఇరవై అయిదు నిమిషాలకి వచ్చి మూత తీస్తే చట్టిలో చేప లేదు. నిజంగానే లేదు. రేకులు రేకులుగా విడిపోయి అడుక్కి పోయింది, పైన ఆరెంజ్ రంగు నూనె తెట్టు కట్టుండాది. నాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏందిరా ఇది, చేపా డాల్డానా?" అన్నాడు. పాప పెరుగన్నం తిని పడుకుంది.

ఇంట్లో ఓవెన్ లేదు. రెండు బర్నర్ల పొయ్యి, ఒక నాన్‌స్టిక్ పెనం (గీతలు పడిపోయింది), అమ్మ వాడిన దోసెల ఇనప పెనం, కుక్కరు ఉండాయి. ఫ్రిజ్‌లో బీన్సు పావు కిలో, రెండు క్యారెట్లు, ఒక క్యాప్సికం, సగం సొరకాయ, గుప్పెడు బెండకాయలు. కూర విడిగా, చేప విడిగా చేసుకుంటా పోతే తొమ్మిదిన్నరవుతుంది. రెండూ కలిసి ఎనిమిదింబావుకల్లా పళ్ళెంలోకి రావాల. పాపకి కారం తగలకూడదు, నాయనకి ఉప్పు తగ్గాల. ఏదన్నా దారుందా?

మైపాడు కోడలు (నెల్లూరు)

తమ్ముడూ, మా అత్త ఈ పోస్టు చదివుంటే సాల్మన్ సంగతి వదిలేసి నీ మామిడికాయ ముక్కలు వృథా అయినందుకు ఏడ్చుండేది.

పులుసుకి పనికొచ్చే చేప వేరబ్బాయా. కొరమీను, బొమ్మిడాయిలు, వంజరం. రాత్రి పెట్టి పొద్దున తింటే ముక్కకి పులుపు దిగి ఎట్టుంటుందో నీకు చెప్పాల్నా? నార్వే నించి విమానమెక్కొచ్చిన దాన్ని చింతపండులో ముంచితే అది మాత్రం ఏం చేస్తుంది? నన్నడిగితే ఆ మూడు ప్యాకెట్లూ పక్కింటోళ్ళకిచ్చేసి ఆదివారం వంజరం నాలుగు చక్రాలు కోయించుకో. నడిమెముక ఒకటే, అది తీసేసి పాపకి పెట్టొచ్చు. పసుపు, కారం, ఉప్పు, అల్లం తెల్లగడ్డ ముద్ద పట్టించి పెనం మీద వేస్తే పది నిమిషాల పని.

ఇచ్చేసేదానికి మనసొప్పకపోతే సాల్మన్‌కి కూడా అదే మసాలా పట్టించి వేపెయ్. చేప చేపేగా.

కొత్తపట్నం వంటోడు (ఒంగోలు)

అక్కా, చేప చేపే కాదు. అక్కడే మన అన్న దెబ్బ తిన్నాడు.

నేను సరుకు ఓడల్లో ఆరేళ్ళు వంట చేశా. ఇప్పుడు ఒంగోల్లో కర్రీ పాయింట్ నడుపుతున్నా. ఓడెక్కిన మొదటి నెల్లో నేనూ సాల్మన్‌తో పులుసు పెట్టా. పైనున్న ఫిలిప్పీన్స్ చీఫ్ కుక్ ఒక్క మాట అనకుండా గరిట నా చేతిలోంచి తీసుకున్నాడు. కాబట్టి అన్నా, నువ్వు మొదటోడివేం కాదు.

కొరమీను కండ గట్టిది, కొవ్వు తక్కువ. ఎంతసేపు ఉడికినా ముక్క నిలబడిద్ది, లోపలికి పులుపు లాగిద్ది. సాల్మన్ చలి సముద్రాల చేప. సాకిన దాంట్లో నూరు గ్రాములకి 13 గ్రాముల దాకా కొవ్వు ఉంటది. అంతసేపు పులుసులో మరిగితే ఆ కొవ్వు దిగి పైకి తేలిద్ది, కండ పొర పొర ఊడిపోయిద్ది. నీ చట్టిలో తెట్టు కట్టింది అదే. ఆ రంగు చూసి భయపడ్డావేమో, మన రొయ్య ఉడికితే ఎర్రబడిద్దే, రెంటికీ అదే రంగు పదార్థం. అస్టాజాంతిన్ అంటారు. అడివి సాల్మన్‌కి సముద్రంలో తినే చిన్న చిన్న రొయ్యల్లాంటి వాటి నించి వచ్చిద్ది, పంజరాల్లో సాకేదానికి మేతలో కలుపుతారు. రొయ్యల మేత గురించి నెల్లూరోడికి ఒంగోలోడు చెప్పేదేముంది గానీ.

ఇంకో విధంగా చెప్పాలంటే పులుసులో చేపకి మనం రుచి ఎక్కిస్తాం. సాల్మన్ తన రుచి తనే తెచ్చుకుంది. దాన్ని కాల్చి, దాంట్లోంచి దిగిన నూనెని కూరగాయలకి పట్టించాలి. అంతే పని.

పొద్దున బస్సుకి పోయేముందు ప్యాకెట్ ఫ్రీజర్లోంచి కింది అరలోకి దించు. గాలి తీసి అతికించిన ప్యాకెట్ అయితే మూల కత్తిరించి గిన్నెలో పెట్టు. ఇది మాత్రం మర్చిపోవద్దు. బొటులిజం (తిండి విషమై ప్రాణం మీదికి తెచ్చే జబ్బు) తెప్పించే క్రిమి గాలి లేనిచోట పెరిగిద్ది, దాంట్లో ఒక రకం ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరిగిద్ది. దించడం మర్చిపోతే సాయంత్రం వచ్చి, కవర్లోనే ఉంచి చల్లనీళ్ళలో అరగంట ముంచి వెంటనే వండు. వేణ్ణీళ్ళు వద్దు.

వచ్చీ రాగానే కుక్కర్లో బియ్యం పడెయ్. గ్లాసు నీళ్ళలో పెద్ద చెంచా ఉప్పు కలిపి నీ ముక్క, పాప ముక్క పది నిమిషాలు వెయ్. నాయన ముక్క వెయ్యొద్దు, ఉప్పు లాక్కుంటది. ఈ ఉప్పునీళ్ళ వల్ల వేగేటప్పుడు ముక్క పక్కల్నించి తెల్లగా నురగలాంటిది కారడం తగ్గిద్ది. అది చీము కాదు, చెడిపోయింది కాదు, కండలో మాంసకృత్తే. మంట ఎక్కువైతే ఎక్కువ కారిద్ది. తర్వాత వేలితో ముక్క మీద తల వైపు నించీ తోక వైపు నించీ అటూ ఇటూ నిమిరి చూడు. ముల్లు లేదని రాసినా నడిమి గీత పక్కన సన్న ముళ్ళు ఒకటీ రెండూ మిగులుతుంటాయి. కనుబొమ్మలు పీకే చిమటా ఉంటే దాంతో లాగు, ఏ వైపు వంగి ఉందో ఆ వైపే. పాప ముక్క రెండుసార్లు చూసుకో.

ఈలోగా కూరగాయలు. సొరకాయ పక్కన పెట్టు, నీళ్ళూరి అంతా చిత్తడి చేసిద్ది. బెండకాయ కూడా వద్దు, జిగురు. బీన్సు ఏటవాలుగా, క్యారెట్ అగ్గిపుల్లల్లాగా తరుగు. లావుగా తరిగితే నీ అరగంట గంటయిద్ది. అమ్మ ఇనప పెనమే వాడు, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పాత సామాన్ల బండికి వేసెయ్. రెండు చెంచాల నూనెలో జీలకర్ర, తెల్లగడ్డ తిరగమాత పెట్టి బీన్సు, క్యారెట్ వేసి గుప్పెడు నీళ్ళు చల్లి మూతెయ్. నాలుగు నిమిషాల తర్వాత మూత తీసి నీళ్ళు ఇగిరాక క్యాప్సికం వేసి ఇంకో రెండు నిమిషాలు. కొంచెం కరకరలాడతా ఉండగానే పళ్ళెంలోకి తీసెయ్.

ఇప్పుడు చేప. ముక్కని గుడ్డతో తడి లేకుండా ఒత్తు, తోలు పక్క మరీనూ. తడి తోలు వేగదు, ఉడికిద్ది. పసుపు, మిరియాల పొడి చాలు. అక్క చెప్పిన మసాలా ముద్ద పట్టిస్తే తోలు కరకరలాడేలోపు ముద్ద మాడిపోయిద్ది. పెనం తుడిచి చెంచాడు నూనె వేసి బాగా కాగనియ్. మొదటి దోసె ఎందుకు అంటుకుంటది? పెనం కాగక. ఇదీ అంతే. తోలు కిందికి పెట్టి అట్లకాడతో పది సెకన్లు నొక్కి పట్టుకో, లేకపోతే తోలు ముడుచుకుని ముక్క పడవలాగా లేచిద్ది. మంట మధ్యస్థంగా పెట్టి ఇంక ముట్టుకోవద్దు. ఐదారు నిమిషాలు. పక్క నించి చూడు, రంగు కింది నించి పైకి పాలిపోతా ఎక్కిద్ది. ముప్పాతిక భాగం ఎక్కినాక తిప్పు, ఇంకో నిమిషంన్నర. చెంచా మొనతో నొక్కితే రేకు విడివడాలి, లోపల పచ్చి నిగనిగ ఉండకూడదు. నడిమధ్యలో 63 డిగ్రీలు రావాలనేది లెక్క. పెద్దాయన, పిల్ల తింటారు కాబట్టి హోటలోళ్ళ మాదిరి లోపల పచ్చిగా వదలొద్దు.

ముక్కలు తీసినాక పెనంలో చెంచాడు నూనె మిగిలిద్ది, చేప వదిలిందే. స్టవ్ కట్టేసి ఆ వేడి మీదే దంచిన తెల్లగడ్డ రెండు రెబ్బలు, కరేపాకు, నీకూ నాయనకీ కావాలంటే చీల్చిన పచ్చిమిరపకాయ వేసి, చిటపటమన్నాక నిమ్మకాయ పిండి, అది కూరగాయల మీద పోసి కలుపు. మీకు పొదలకూరు నిమ్మకాయలు దగ్గరేగా. మామిడికాయ లేకుండా నెల్లూరోళ్ళకి చేప గొంతు దిగదంటారు, అట్టయితే పచ్చి మామిడి కోరు రెండు చెంచాలు పైన చల్లుకో. నేనేం అననులే.

మైపాడు కోడలు

మసాలా పట్టించని చేప నీసు కొట్టదా? ఉత్త పసుపు, మిరియాలా? మా ఇంట్లో పిల్లి కూడా తినదు.

కొత్తపట్నం వంటోడు

నీసు పాతబడ్డ చేపకి ఎక్కువ అక్కా. దానికి మందు పులుపు, అందుకే మన పెద్దోళ్ళు చింతపండు పట్టుకున్నారు. ఇక్కడ ఆఖర్లో నిమ్మకాయ అదే పని చేసిద్ది. తోలు కింద బూడిద రంగులో ఒక పట్టీ ఉంటది, వాసనంతా దాంట్లోనే. వద్దనుకుంటే తినేటప్పుడు తీసెయ్యొచ్చు.

టంగుటూరు మాస్టారు

మధ్యలో ఒక సందేహం. మా వైపు ఒక చేపల కొట్టులో "ఇండియన్ సాల్మన్" అని బోర్డు పెట్టి దీంట్లో మూడో వంతు రేటుకి అమ్ముతున్నారు. పెన్నాగట్టు గారు తర్వాత అది కొనుక్కోవచ్చు గదా?

కొత్తపట్నం వంటోడు

మాస్టారూ, అది మన మాగ. బొంబాయి వైపు రావస్ అంటారు. సాల్మన్‌కీ దానికీ చుట్టరికం లేదు, కుటుంబమే వేరు. గడ్డం కింద దారాల్లాంటి మీసాలుంటాయి చూడండి. కోస్తే కండ తెల్లగా ఉంటది, ఆరెంజ్ రంగు రాదు. మంచి చేప, నాకిష్టం. కానీ సాల్మన్ అని చెప్పి అమ్మితే మాత్రం మోసమే. కొవ్వు తక్కువ కాబట్టి పెనం మీద వేస్తే నూనె ఇంకో చెంచా పడిద్ది.

టంగుటూరు మాస్టారు

ధన్యవాదాలు. మాగ అని రాస్తే ఎవరూ కొనరనుకున్నాడేమో. ఇంతకీ సాల్మన్ కూడా ఏటిలో పుట్టి సముద్రానికి పోయి, గుడ్లు పెట్టేదానికి మళ్ళీ ఏటికి ఎదురెక్కుతుంది. అంటే గోదావరోళ్ళ పులస బాపతు. మన పండుగప్పది దీనికి తిరగేసిన లెక్క, మంచినీళ్ళలో పెరిగినా గుడ్లకి ఉప్పునీళ్ళ వైపు దిగిపోతుంది. రిటైరైనా పాఠం చెప్పే జబ్బు పోలేదు, క్షమించాలి.

పెన్నాగట్టు

గురువారం రాత్రి పదిన్నర. గిన్నెలు తోమేసి రాస్తుండా.

ప్యాకెట్ పొద్దున్నే దించినా గానీ మూల కత్తిరించడం మర్చిపోయినా. బస్సులో గుర్తొచ్చి నాయనకి ఫోన్ చేస్తే, "కత్తెర యాడుంది, ఏ మూల, ఎంత కత్తిరించాల" అని ఆరు నిమిషాలు మాట్లాడినాడు. బస్సులో అందరూ విన్నారు.

ఏడు యాభైకి మొదలుపెట్టినా. మీరన్నట్టే పాప ముక్కలో ఒక ముల్లు దొరికింది, వెంట్రుకంత. చిమటా మా ఆవిడది. చెప్పకుండా వాడినా, ఇక్కడ చదివితే మాత్రం నా పని అయిపోయినట్టే. బీన్సు సన్నగానే తరిగినాననుకున్నా గానీ ఇంకా రవంత సన్నగా ఉండాల, ఒకటీ రెండూ పచ్చి తగిలినాయి. వాటికే నాలుగు బదులు ఏడు నిమిషాలు పట్టింది.

చేప దగ్గరికొస్తే, మొదటి ముక్క నాది. ముట్టుకోవద్దని రాసినారు, చదివినా, అయినా చెయ్యి ఊరుకోలా. రెండు నిమిషాలకే అట్లకాడ కిందికి పోనిచ్చి లేపి చూసినా. తోలంతా పెనానికి, కండంతా అట్లకాడకి. ఉప్మా మాదిరి అయింది. తర్వాత రెంటికీ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడినా, నిజంగానే. ఆ రంగు కింది నించి పైకెక్కేది పాప స్టూలెక్కి చూస్తా, "నాన్నా ఇంకా సగమే, ఇంకా సగమే" అని లెక్క చెప్పింది. తిప్పితే తోలు అప్పడం మాదిరి ఉండాది. తెల్ల నురగ నాయన ముక్కకే ఎక్కువ కారింది, ఉప్పునీళ్ళలో వెయ్యనందుకనుకుంటా.

ఎనిమిదీ ముప్పై అయిదుకి కూర్చున్నాం. అనుకున్నదానికంటే ఇరవై నిమిషాలు లేటు. కూరగాయల మీద పోసిన ఆ తెల్లగడ్డ నిమ్మకాయ నూనె బ్రహ్మాండం అన్నా, దాంతోనే నేను అన్నం కలుపుకున్నా. మామిడి కోరు చల్లినా, మీరు ఏమన్నా అనుకోండి.

పాప మొదట వేలితో రేకులు విడదీసి ముల్లు కోసం వెతికింది. ఏం దొరకలా. అప్పుడు తినింది. ముక్కలో ముప్పాతిక తినింది, క్యాప్సికం మాత్రం పళ్ళెం అంచున వరసగా పేర్చింది. నాయన ఏం అన్లా. తన ముక్క తిని, పాప వదిలేసిన తోలు కూడా తీసుకుని కరకరా నమిలి, "ఇంకెన్ని ప్యాకెట్లుండాయిరా?" అన్నాడు. రెండుండాయన్నా. "మీ బావమరిది మళ్ళీ ఎప్పుడొస్తాడు?" అన్నాడు.

ఒక డౌటు. ఇనప పెనం నించి చేప వాసన పోవటల్లా. పొద్దున దోసెలు వెయ్యాల. ఏం చెయ్యాల?

కొత్తపట్నం వంటోడు

గుప్పెడు కల్లుప్పు వేసి పొడిగా వేడి చేసి, సగం కోసిన నిమ్మచెక్కతో రుద్ది కడుగు. మళ్ళీ పొయ్యి మీద ఆరబెట్టి నూనె రాసి ఉంచు. పొద్దున మొదటి దోసె నువ్వు తిను.

మైపాడు కోడలు

సరే, ఒప్పుకోవాల్సిందొకటుంది. నిన్న పండుగప్ప తెప్పించి, తోలు ఉంచి ముల్లు తీసి కోసిమ్మంటే కొట్టోడు నన్ను ఎగాదిగా చూసినాడు. మీరు చెప్పినట్టే వేసినా. ముక్క మందం తక్కువ గాబట్టి తోలు పక్క నాలుగు నిమిషాలకే అయిపోయింది, నూనె కూడా ఇంకో చెంచా పట్టింది. బీన్సు లేక చిక్కుడుకాయలు వేసినా, వాటిని ముందే కుక్కర్లో ఒక విజిల్ రానిచ్చినా. మా ఆయన రెండోసారి పెట్టించుకున్నాడు.

కారం మాత్రం వేసినా. ఆఖర్లో, ఆ నూనెలో. మా అత్తకి మసాలా పట్టించలేదని చెప్పలా.